సీ, ఫై తెలిస్తే సరిపోతుందా?

పునాదులు, రిటైనింగ్ గోడలు, లోతైన తవ్వకాలు డిజైన్ చేసే ఆఫీసుల్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. సాయిల్ రిపోర్ట్ తెరవాలి. చివర్లో పొరల వారీగా ఇచ్చిన పట్టిక చూడాలి. అందులోని కొహిజన్‌నూ ఘర్షణ కోణాన్నీ, అంటే అందరూ రోజూ అనుకునే సీ, ఫైలను తీసుకెళ్లి ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో మోర్–కూలంబ్ మోడల్ కింద ఉన్న గళ్లలో నింపాలి. దాంతో మట్టి సంగతి తేలిపోయినట్టే. ఇక శ్రద్ధంతా మెష్ మీద, తవ్వకం దశల మీద, చివరికొచ్చే రంగుల బొమ్మల మీద. "రిపోర్ట్‌లో సీ, ఫై ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?" అని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడిగితే నేర్చుకుంటారులే అని ఊరుకోవచ్చు. డ్రాయింగుల మీద సంతకం పెట్టే పెద్దలే ఆ మాట అంటున్నారు. అందుకే దాన్ని గట్టిగా ఖండించాల్సి వస్తోంది.

ఈ నమ్మకాన్ని సమర్థించేవాళ్లు చెప్పేవి నాలుగు మాటలు. ఒకటి, ఉక్కుకు యీల్డ్ స్ట్రెస్ ఎలాగో మట్టికి సీ, ఫై అలాగ. అవి దాని సొంత గుణాలు. రెండు, మోర్–కూలంబ్ సాదా మోడల్ కాబట్టి తప్పు జరిగినా భద్రత వైపే జరుగుతుంది. మూడు, అంతకు మించిన మోడళ్లకు కావలసిన పరీక్షలకు ఏ క్లయింటూ డబ్బివ్వడు. నాలుగు, ఎక్కడైనా తేడా వస్తే ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ కాపాడుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ నిలవదు. మొదటిది సిద్ధాంతం ప్రకారమే తప్పు. రెండోది ప్రాణాలు తీసిన తప్పు. మూడోది లెక్క వేసి చూడకుండా అంటున్న మాట. నాలుగోది లెక్క వేస్తే చేతికి మిగలని ధైర్యం.

ముందు అసలు పని ఏమిటో చూద్దాం. ఒక పదార్థపు ప్లాస్టిసిటీని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడమంటే కొన్ని ప్రశ్నలకు జవాబివ్వడం. ఏ ఒత్తిడి దగ్గర మట్టి శాశ్వతంగా రూపు మారడం మొదలుపెడుతుంది? మొదలుపెట్టాక ఎటు జరుగుతుంది, ఉబ్బుతుందా, కుదించుకుపోతుందా? జరిగేకొద్దీ గట్టిపడుతుందా, మెత్తబడుతుందా? అక్కడిదాకా ఎంత బిగువుగా ఉంటుంది? వీటన్నిటి మధ్యా రంధ్రాల్లోని నీరు బయటికి పోగలదా, పోలేదా? సీ, ఫై ఇచ్చేది మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే, అదీ సగం. మిగతా ప్రశ్నలకు మనం జవాబివ్వకపోతే సాఫ్ట్‌వేర్ ఆగిపోదు. తనలో ముందే ఉన్న విలువను తీసుకుని లెక్క కానిచ్చేస్తుంది. ఖాళీగా వదిలిన గడి కూడా మట్టి గురించి మనం చెప్పిన మాటే అవుతుంది.

ఇక మొదటి వాదన. సీ, ఫై మట్టి సొంత గుణాలట. మన సాయిల్ రిపోర్టుల్లో బంకమట్టి పొర ఎదురుగా తరచుగా కనిపించే వరుస ఒకటి తీసుకుందాం: సీ చదరపు సెంటీమీటరుకు 0.45 కిలోలు, ఫై 6 డిగ్రీలు. ఈ జంట ఎక్కడిది? ఐఎస్ 2720 పదకొండో భాగం ప్రకారం చేసిన పరీక్షది. ఆ పరీక్షలో నమూనాను కన్సాలిడేట్ చేయరు, నీటిని బయటికి పోనివ్వరు, రంధ్ర పీడనం కొలవరు. పూర్తిగా నీటితో నిండిన బంకమట్టికి ఇలా పరీక్ష చేస్తే ఫై సున్నా రావాలి. చుట్టూ ఒత్తిడి ఎంత పెంచినా ఆ భారమంతా నీరే మోస్తుంది. రేణువుల మధ్య ఒత్తిడి పెరగదు, బలమూ పెరగదు. మరి 6 డిగ్రీలు ఎలా వచ్చింది? నమూనాలో కొంత గాలి ఉంది. గాలి నలిగినంత మేరకు రేణువులు దగ్గరయ్యాయి, బలం కొద్దిగా పెరిగింది. ఆ 6 డిగ్రీలు బంకమట్టి ఘర్షణ కోణం కాదు. ఆ రోజు ఆ గొట్టంలో ఉన్న నమూనాలో గాలి మిగిలి ఉందన్న సంగతి.

ఇప్పుడు ఈ జంటను సాఫ్ట్‌వేర్‌లో నీరు పారే పరిస్థితి కింద, అంటే డ్రెయిన్డ్ అని పెట్టి వేశారనుకోండి. ఆఫీసుల్లో జరుగుతున్నది ఇదే. 0.45 కిలోలంటే సుమారు 44 కిలోపాస్కల్. మట్టి బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు అనుకుంటే, ఏ ఆసరా లేకుండా నిటారుగా నిలిచే తవ్వకం లోతు, పగుళ్లూ నీరూ లేవని అనుకునే పాత సూత్రం ప్రకారం, దాదాపు 11 మీటర్లు వస్తుంది. అదే మట్టికి దీర్ఘకాలంలో వర్తించే ఎఫెక్టివ్ విలువలు, ఉదాహరణకు సీ 5 కిలోపాస్కల్, ఫై 24 డిగ్రీలు వేస్తే అదే సూత్రం 2 మీటర్ల లోపు లోతే ఇస్తుంది. మట్టి ఒకటే, పట్టికలోని రెండు గళ్లూ అవే. ఒక జంట మూడంతస్తుల సెల్లార్‌ను గోడ లేకుండా తవ్వుకోమంటోంది, ఇంకో జంట మనిషి లోతు కూడా వద్దంటోంది. ఈ ఉదయం జ్వరం 102 ఉందంటే అది మనిషి గుణం కాదు, ఆ పూట ఒంటి పరిస్థితి. సీ, ఫై కూడా అలాంటివే. ఏ పరీక్షలో, ఎంత ఒత్తిడి దగ్గర, నీటిని వదిలి చేశారా బిగించి చేశారా అన్నది పక్కన లేకపోతే ఆ అంకెలకు అర్థం లేదు.

తొందరపడి తవ్వినప్పుడు నిలిచిన బంకమట్టి ఏళ్ల తర్వాత కూలడానికి కారణం ఇదే. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ దగ్గర 1912లో రైలు మార్గం పక్కన కట్టిన రిటైనింగ్ గోడ 1941లో విఫలమైంది. ఇరవై తొమ్మిదేళ్లు నిలిచాక! తవ్వగానే మట్టిలో పుట్టిన రుణ పీడనం మెల్లగా సమసిపోతూ, మట్టి నీరు పీల్చుకుంటూ, లోలోపల బలం తగ్గుతూ వచ్చింది. మట్టి శాస్త్ర పరిశోధకుడు స్కెంప్టన్ ఈ కేసును లండన్ క్లే వాలులపై తన పరిశీలనల్లో వాడుకుని జియోటెక్నికల్ లోకానికి పాఠం చేశాడు. ఆ గోడ మొదటి రోజు బలాన్ని చూసి సీ, ఫై రాసుకున్నవాడికి ఆ ఇరవై తొమ్మిదో ఏడు ఎన్నడూ కనిపించదు.

రెండో వాదన మరీ ప్రమాదకరమైనది: సాదా మోడల్ తప్పు చేసినా భద్రత వైపే చేస్తుందట. దీనికి జవాబు సింగపూర్‌లో ఉంది. 2004 ఏప్రిల్ 20న అక్కడి సర్కిల్ లైన్ మెట్రో కోసం నికోల్ హైవే పక్కన సముద్రపు బంకమట్టిలో తవ్వుతున్న 30 మీటర్లకు పైగా లోతున్న గొయ్యి కూలిపోయింది. రోడ్డు కుంగిపోయింది. నలుగురు చనిపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ 2005లో నివేదిక ఇచ్చింది. స్ట్రట్లను గోడ వెంబడి ఉండే ఉక్కు దూలాలతో కలిపే కీళ్ల డిజైన్ బలహీనంగా ఉండటం ఒక ప్రధాన కారణమని తేల్చింది. దాంతో సమానంగా ఎత్తి చూపిన మరో కారణం మన చర్చకు సూటిగా తగిలేది: మెత్తని బంకమట్టికి ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో పదార్థ గుణాలు ఇచ్చిన తీరు.

ఆ తీరుకు మెథడ్ ఏ అని పేరు. నీరు బయటికి పోలేని అన్‌డ్రెయిన్డ్ పరిస్థితిలో ఉన్న బంకమట్టికి మోర్–కూలంబ్ మోడల్ పెట్టి, ఎఫెక్టివ్ సీ, ఫైలు ఇచ్చి, రంధ్ర పీడనం లెక్కను సాఫ్ట్‌వేర్‌కే వదిలేయడం. పైకి చూస్తే ఇందులో దోషం కనపడదు. ఎఫెక్టివ్ స్ట్రెస్ సూత్రం సరైనదే, సీ, ఫైలు మంచి పరీక్ష నుంచి వచ్చినవే. అయినా జవాబు తప్పు. ఎందుకు తప్పో కాగితం మీద నాలుగు వరుసల్లో చూపించవచ్చు.

నార్మల్లీ కన్సాలిడేటెడ్ బంకమట్టి, నిలువు ఎఫెక్టివ్ ఒత్తిడి 100 కిలోపాస్కల్ ఉన్న లోతు. ఫై 24 డిగ్రీలు, సీ సున్నా. అడ్డంగా ఉండే ఒత్తిడి సుమారు 59. ఈ రెండింటి సగటు 80కి కాస్త తక్కువ. మోర్–కూలంబ్‌లో మట్టి విఫలమయ్యే క్షణం దాకా ఎలాస్టిక్‌గానే ఉంటుంది. ఘనపరిమాణం మారని ఎలాస్టిక్ పదార్థంలో ఆ సగటు ఎఫెక్టివ్ ఒత్తిడి కదలదు. కాబట్టి ఆ సగటును 24 డిగ్రీల సైన్‌తో, అంటే 0.407తో గుణిస్తే మోడల్ ఇచ్చే అన్‌డ్రెయిన్డ్ బలం వస్తుంది: సుమారు 32 కిలోపాస్కల్. నిజం మట్టి అలా ఉండదు. మెత్తని బంకమట్టి కోతకు గురవుతుంటే కుదించుకుపోవాలని చూస్తుంది. నీరు పోయే దారి లేదు కాబట్టి రంధ్ర పీడనం పెరుగుతుంది, రేణువుల మధ్య ఒత్తిడి పడిపోతుంది. ఇలాంటి బంకమట్టికి క్షేత్రంలో పనికొచ్చే అన్‌డ్రెయిన్డ్ బలం నిలువు ఎఫెక్టివ్ ఒత్తిడిలో 0.22 వంతు దగ్గర ఉంటుందని పరిశోధకుడు మెస్రి 1975లోనే చూపించాడు. అంటే ఇక్కడ 22 కిలోపాస్కల్. మట్టికి 22 ఉంటే మోడల్ 32 అంటోంది. దాదాపు సగం బలం ఎక్కువ చూపించింది. ఇది భద్రత వైపు తప్పా?

నికోల్ హైవేలో ఈ తప్పు గోడ మీద పడింది. మట్టి బలంగా ఉందని నమ్మిన మోడల్ గోడ కదలికనూ, గోడలో వంపు బలాలనూ వాస్తవంలో సగానికి అటూ ఇటూగా తక్కువ చూపించింది. గోడ డిజైన్ ఆ తక్కువ అంకెల మీద నడిచింది. తవ్వకం సాగుతున్నప్పుడు కొలతలు అంచనాలను దాటుతుంటే బ్యాక్ అనాలిసిస్ చేసి హద్దులు సడలించుకున్నారు. ఆ తీరును కూడా కమిటీ తప్పుపట్టింది. ఒకటి మరిచిపోవద్దు, సాఫ్ట్‌వేర్ లెక్క తప్పలేదు. ఇచ్చిన మట్టికి సరైన జవాబే చెప్పింది. ఇచ్చిన మట్టి ఆ నేలలో లేదు.

"అది సింగపూర్ మెరైన్ క్లే, మనకు వర్తించదు" అనేవాళ్లున్నారు. విశాఖ పోర్టు దగ్గరా, కాకినాడ తీరంలోనూ, కోనసీమ డెల్టాలోనూ లోతుగా పరుచుకున్న మెత్తని బంకమట్టి ఏ స్వభావానిది? అదీ నార్మల్లీ కన్సాలిడేటెడ్‌కు దగ్గరగా ఉండే డెల్టా, సముద్ర నిక్షేపమే. అదీ కుదించుకుపోయే మట్టే. మోర్–కూలంబ్‌కు ఊరు తెలియదు. అక్కడ చేసిన తప్పే ఇక్కడా చేస్తుంది. పైగా హైదరాబాద్‌లో కూర్చుని సింగపూర్‌కూ గల్ఫ్‌కూ తవ్వకాల మోడలింగ్ చేసి పంపే తెలుగు ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతి మీదుగా వెళ్లే ఫైళ్లకు ఈ పాఠం పరాయిది కాదు.

బంకమట్టి వదిలి ఇసుకకు వద్దాం. ఇక్కడ తప్పు డ్రకర్–ప్రాగర్ మోడల్ రూపంలో వస్తుంది. మోర్–కూలంబ్ ఉపరితలానికి అంచులూ మొనలూ ఉంటాయి, లెక్క త్వరగా కుదరదు. అందుకని చాలామంది నున్నటి శంకువులాంటి డ్రకర్–ప్రాగర్‌కు మారతారు. 1952లో వచ్చిన ఈ మోడల్ జనరల్ సాఫ్ట్‌వేర్లన్నిటిలో ఉంది. సీ, ఫైల నుంచి దాని విలువలకు మార్చే సూత్రాలు మాన్యువల్‌లోనే ఉంటాయి, వేసేయడమే. కానీ ఏ సూత్రం? ట్రయాక్సియల్ కంప్రెషన్‌కు సరిపోయేది ఒకటి, ఎక్స్‌టెన్షన్‌కు సరిపోయేది ఇంకొకటి, ప్లేన్ స్ట్రెయిన్‌ది మరొకటి. ఫై 30 డిగ్రీలున్న ఇసుకను కంప్రెషన్ సూత్రంతో మార్చి గుండ్రని శంకువు వేస్తే, ఎక్స్‌టెన్షన్ దారిలో ఆ ఇసుక 48.6 డిగ్రీల ఘర్షణ కోణం ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. చేతితో చూసుకోవచ్చు: కంప్రెషన్‌లో వాలు 1.2, ఎక్స్‌టెన్షన్‌లో 30 డిగ్రీలకు ఉండాల్సింది 0.857. గుండ్రని శంకువుకు రెండు దిక్కులా ఒకే వాలు కాబట్టి 1.2 ఎక్స్‌టెన్షన్‌లోనూ వర్తిస్తుంది. నలభై శాతం ఎక్కువ.

తవ్వకం అడుగున ఉన్న మట్టి ఏ దారిలో నలుగుతుంది? పైబరువు తీసేశాం, పక్కనుంచి గోడ నెడుతోంది. అది ఎక్స్‌టెన్షన్ దారే. గోడ కాలికి ఆసరా ఇచ్చేదీ ఆ మట్టే. సరిగ్గా అక్కడే మోడల్ 30 డిగ్రీల ఇసుకను గ్రావెల్‌కు కూడా అరుదుగా ఉండే 48 డిగ్రీలుగా మార్చింది. ఈ సంగతి రిపోర్ట్‌లో ఎక్కడా కనపడదు. "ఫై 30 డిగ్రీలు" అనే రాసి ఉంటుంది, చూసేవాళ్లు తృప్తిగా తల ఊపుతారు.

డైలేషన్ కోణం సంగతి ఇంకో అడుగు ముందుకు. కోతకు గురైనప్పుడు గట్టి ఇసుక ఎంత ఉబ్బుతుందో చెప్పేది ఇది. దీన్ని ఫైతో సమానంగా వేయడం ఒక అలవాటు, లెక్క సాఫీగా సాగుతుందన్న కారణంతో. అలా వేస్తే ఇసుక తాను ఉబ్బగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. క్వార్ట్జ్ ఇసుకకు ఫై నుంచి 30 తీసేస్తే వచ్చేది డైలేషన్ కోణానికి మొదటి అంచనాగా పనికొస్తుంది. 35 డిగ్రీల ఇసుకకు 5 డిగ్రీలు, 35 కాదు. నీరు పారని పరిస్థితిలో అయితే ఇది మరీ అన్యాయం. ఉబ్బాలని చూసే మట్టికి ఘనపరిమాణం మారే వీలు లేకపోతే రంధ్ర పీడనం రుణంలోకి జారుతూనే ఉంటుంది, ఎఫెక్టివ్ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, బలానికి హద్దే ఉండదు. ఆ మోడల్లో ఆ మట్టి ఎంత తోసినా విఫలం కాదు. ఒక్క గడిలో వేసిన ఒక్క అంకె చేసిన పని ఇది.

బిగువు విషయంలోనూ ఇదే కథ. మోర్–కూలంబ్‌కు సీ, ఫై, డైలేషన్ కోణం, పాయిసన్ నిష్పత్తి పోను మిగిలేది ఒకే యంగ్స్ మాడ్యులస్. మట్టిని మొదటిసారి నొక్కినప్పటి బిగువుకూ, బరువు తీసి మళ్లీ నొక్కినప్పటి బిగువుకూ సుమారు మూడు రెట్ల తేడా ఉంటుంది. తవ్వకమంటే బరువు తీయడమే కదా! మొదటి నొక్కుడు మాడ్యులస్ వేసి తవ్వితే మోడల్లో గొయ్యి అడుగు లేనంతగా పైకి లేస్తుంది. దాంతోపాటు గోడా లేస్తుంది, గోడ వెనక నేల కుంగాల్సింది పోయి ఉబ్బుతుంది. పక్కింటి పునాది ఎంత కుంగుతుందో చెప్పమని మోడల్ చేయిస్తే అది పైకి లేస్తుందని వస్తుంది. ఆ ఫలితాన్ని చూసి కూడా "మోడల్ అంతే" అని సర్దుకుపోవడం మన వృత్తికి తలవంపు. లండన్‌లో బిగ్ బెన్ గోపురం పక్కనే పార్లమెంటు ఆవరణలో 1970ల్లో తవ్విన భూగర్భ కార్ పార్క్ కొలతలు, చిన్న కదలికల దగ్గర లండన్ క్లే మామూలు లాబ్ పరీక్ష చెప్పిన దానికన్నా ఎంతో బిగువుగా ఉందని చూపించాయి. అప్పటినుంచి చిన్న స్ట్రెయిన్ బిగువు మీద ఇన్ని దశాబ్దాల పని జరిగితే, మన పట్టికల్లో ఇంకా బోరు గుంతలో సుత్తి దెబ్బలు లెక్కపెట్టి తీసిన ఎన్ విలువను ఏదో గుణకంతో గుణించిన ఒక్క అంకే నడుస్తోంది.

మట్టికి లోహపు మోడల్ తగిలించే అలవాటు గురించి కూడా చెప్పాలి. జనరల్ సాఫ్ట్‌వేర్‌లో ప్లాస్టిసిటీ అనగానే స్ట్రెస్, ప్లాస్టిక్ స్ట్రెయిన్ పట్టిక తెరుచుకుంటుంది. ట్రయాక్సియల్ పరీక్ష వక్రరేఖను దాంట్లోకి దించేసి పదార్థం నిర్వచించేశామనుకుంటారు. చుట్టూ ఒత్తిడి పెరిగితే బలం పెరగడం మట్టి మొదటి లక్షణం. ఆ పట్టికలో దానికి చోటే లేదు. పైగా రెండో నిలువు వరుసలో రాయాల్సింది మొత్తం స్ట్రెయిన్ కాదు. ఎలాస్టిక్ భాగం తీసేశాక మిగిలింది రాయాలి, మొదటి అడ్డు వరుసలో అది సున్నా ఉండాలి. వక్రరేఖ శిఖరం తర్వాత కిందికి దిగే భాగాన్ని కూడా అలాగే ఎక్కించేవాళ్లున్నారు. ఆ మెత్తబడే భాగం వల్ల జారుడు పట్టీ మెష్‌లో ఒక ఎలిమెంట్ వెడల్పుకు కుంచించుకుపోతుంది, మెష్ మార్చినప్పుడల్లా జవాబు మారిపోతుంది. "మెష్ సన్నగా చేస్తే నిజానికి దగ్గరవుతాం" అన్న నమ్మకం ఇక్కడ తలకిందులు. సన్నగా చేసేకొద్దీ దూరం వెళ్తాం.

మూడో వాదనకు వస్తే, పరీక్షలు ఖరీదట. మోర్–కూలంబ్‌కు ఎన్ని అంకెలు కావాలి? ఐదు. మాడిఫైడ్ కామ్ క్లే, అంటే రోస్కో, బర్లండ్ 1968లో ఇచ్చిన మోడల్‌కు? అదీ ఐదే, దానికి తోడు మట్టి గతంలో మోసిన అత్యధిక ఒత్తిడి ఎంతో తెలియాలి. ఆ ఐదింటిలో రెండు, మట్టి నలిగే వాలూ తిరిగి ఉబ్బే వాలూ, కన్సాలిడేషన్ పరీక్ష గ్రాఫ్‌లోనే ఉన్నాయి. కంప్రెషన్ ఇండెక్స్‌ను 2.3తో భాగిస్తే మొదటిది వచ్చేస్తుంది. గతపు ఒత్తిడీ ఆ గ్రాఫ్‌లోదే. రంధ్ర పీడనం కొలిచే ట్రయాక్సియల్ పరీక్ష నుంచి ఎఫెక్టివ్ ఫై వస్తుంది, దాని నుంచి క్రిటికల్ స్టేట్ వాలు వస్తుంది. కన్సాలిడేషన్ పరీక్ష ఐఎస్ 2720 పదిహేనో భాగం, ఈ ట్రయాక్సియల్ పరీక్ష పన్నెండో భాగం. రెండూ మన సొంత కోడ్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. బంకమట్టి ఉన్న ప్రతి సైట్‌లో సెటిల్‌మెంట్ కోసం కన్సాలిడేషన్ పరీక్ష ఎలాగూ చేయిస్తున్నాం. ఆ గ్రాఫ్ రిపోర్ట్ చివర అనుబంధంలోనే ఉండిపోతోంది, మోడల్ చేసేవాడు పట్టిక ఉన్న పేజీ దాటి వెళ్లడు. కొరత డబ్బుది కాదు, ఆ కాగితం తిప్పే ఓపికది. పైన లెక్క వేసిన బంకమట్టికే మాడిఫైడ్ కామ్ క్లే వేస్తే, నలిగే వాలు ఉబ్బే వాలుకు ఐదు రెట్లు అనుకుంటే, ట్రయాక్సియల్ కంప్రెషన్‌లో బలం సుమారు 25 వస్తుంది. 32 కాదు.

అంత మాత్రాన పెద్ద పేరున్న మోడల్ ఎంచుకుంటే చాలని నేను అనడం లేదు. అది ఇదే మూఢనమ్మకానికి ఇంకో రూపం. హార్డెనింగ్ సాయిల్ మోడల్ పది పైచిలుకు విలువలు అడుగుతుంది. వాటిని అన్నీ ఫై నుంచో ఎన్ విలువ నుంచో ఊహించి నింపితే దానికన్నా జాగ్రత్తగా వేసిన మోర్–కూలంబే మేలు. మెత్తని బంకమట్టిలో తక్కువ కాలపు స్థిరత్వం చూడాలంటే, ఎఫెక్టివ్ ఫై పక్కన పెట్టి క్షేత్రంలో వేన్ పరీక్షతో కొలిచి, సవరించిన అన్‌డ్రెయిన్డ్ బలాన్నే లోతుతో పెరిగేలా నేరుగా ఇవ్వడం నిజాయతీ గల పని. మెథడ్ బీ అనేది ఇదే. ప్రశ్నకు తగిన మోడల్, మోడల్‌కు తగిన పరీక్ష, పరీక్షకు తగిన అంకె. ఈ వరుసలో ఏ ఒక్కటి తెగినా మిగతావి ఎంత గొప్పవైనా నిష్ఫలం.

చివరికి నాలుగో వాదన, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ. 1.5 ఉంది కదా అంటారు. పైన చూసిన లెక్కలో మోడల్ బలాన్ని 22 బదులు 32 అని చెప్పింది. 1.5ను ఆ నిష్పత్తితో, అంటే 1.45తో భాగిస్తే మిగిలేది 1.03. నేల మారుతుంటుందనీ, పనిలో లోపాలుంటాయనీ, వాన పడుతుందనీ, గట్టు మీద క్రేన్ నిలుస్తుందనీ కోడ్ ఇచ్చిన ఆ మిగులు మొత్తం ఒక్క గడి నింపడంలోనే ఖర్చయిపోయింది. సైట్‌లో ఇంకేం జరిగినా కాచుకునేది లేదు. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ తెలియని వాటి కోసం ఉంది. తెలుసుకోగలిగి తెలుసుకోని వాటి కోసం కాదు.

"పాతకాలం ఇంజనీర్లు సీ, ఫైలతోనే ఆనకట్టలు కట్టలేదా?" అన్న ప్రశ్న కూడా వింటుంటాం. కట్టారు. కానీ వాళ్ల చేతి లెక్కలు అనుభవంతో సరిచూసుకున్నవి. తవ్వకాల స్ట్రట్లకు టెర్జాగీ, పెక్ ఇచ్చిన ఒత్తిడి పటాలు బెర్లిన్, షికాగో వంటి నగరాల తవ్వకాల్లో స్ట్రట్లపై కొలిచిన బలాల నుంచి పుట్టాయి. ఆ పటంలో మట్టి ప్రవర్తన అంతా ముందే ఇమిడి ఉంది; సీ, ఫైలు దానికి సూచికలు మాత్రమే. ఫైనైట్ ఎలిమెంట్‌లో అలాంటి పటం లేదు. ప్రతి బిందువు దగ్గరా మట్టి ఎలా నడుచుకోవాలో మనమే చెప్పాలి. పాత పద్ధతికి సరిపోయిన అంకెలు కొత్త పద్ధతికి సరిపోతాయనుకోవడం ఆ పాతవాళ్ల జాగ్రత్తను వదిలేసి వాళ్ల అంకెలను మాత్రం తెచ్చుకోవడం.

మరి చేయాల్సిందేమిటి? నా మాట ఒక్కటే: ప్రాజెక్టు మోడల్ రన్ చేసే ముందు ఒక్క ఎలిమెంట్‌కు ఆ లాబ్ పరీక్షే సాఫ్ట్‌వేర్‌లో చేసి చూడాలి. ట్రయాక్సియల్ పరీక్షలో పెట్టిన ఒత్తిడులే పెట్టి, నీటి పరిస్థితి అదే ఉంచి, నొక్కాలి. వచ్చిన వక్రరేఖను లాబ్ వక్రరేఖ పక్కన పెట్టాలి. బలం కలవాలి, బిగువు కలవాలి, రంధ్ర పీడనం కలవాలి. కన్సాలిడేషన్ పరీక్షకూ అలాగే. ఈ పని గంటసేపటిది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దీనికి విడిగా ఏర్పాటే ఉంది, నొక్కేవాళ్లు లేరు. మెథడ్ ఏ తప్పును ఈ ఒక్క గంట బయటపెట్టేది. సముద్రపు బంకమట్టి నమూనాను మోడల్లో నలిపి చూసిన ఎవరికైనా 22 ఉండాల్సిన చోట 32 కనపడకుండా ఉండదు.

ఆ వక్రరేఖల పేజీ ప్రతి డిజైన్ రిపోర్ట్‌లో ఉండాలి. డిజైన్ పరిశీలించే అధికారులు, ప్రూఫ్ చెకింగ్ చేసే ప్రొఫెసర్లు మెష్ బొమ్మ అడిగే ముందు ఈ పేజీ అడగాలి. లేకపోతే ఫైల్ వెనక్కి పంపాలి. సాయిల్ ఇన్వెస్టిగేషన్ చేసేవాళ్లు పట్టికలో సీ, ఫై పక్కన ఏ పరీక్ష, నమూనా ఎంత నీటితో నిండి ఉంది, ఎంత ఒత్తిడి శ్రేణిలో కొలిచారు అన్న గళ్లు పెట్టాలి. ఎం.టెక్.లో సాఫ్ట్‌వేర్ నేర్పేటప్పుడు మొదటి పాఠం గొయ్యి తవ్వడం కాకూడదు, ఒక్క ఎలిమెంట్ నలపడం కావాలి. వీటిలో దేనికీ కొత్త కోడ్ రావాల్సిన పని లేదు. టెండర్‌లో రెండు వాక్యాలు చేరిస్తే చాలు.

మట్టి గుణాలు రాసే ఆ గళ్లు చూడటానికి చిన్నవి. కానీ గొయ్యిలోకి దిగి పనిచేసే మేస్త్రీ, గట్టు మీద ఇల్లు ఉన్న కుటుంబం, పక్క రోడ్డు మీద వెళ్లే బస్సు, అందరి క్షేమమూ వాటి మీదే నిలబడి ఉంది. అక్కడ ఏ అంకె రాసినా ఈ నేల ఇలాగే ప్రవర్తిస్తుందని ఇంజనీర్ పూచీ పడుతున్నట్టే. పూచీ పడేవాడికి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దాంతో మోడల్‌లోని మట్టి ఎలా నడుచుకుంటుందో రెండూ తెలిసి ఉండాలి. తెలియకపోతే సంతకం పెట్టకూడదు.